సత్యం కంప్యూటర్స్: న్యూయార్క్ మార్కెట్‌లో హైదరాబాద్ కంపెనీ, మోసపోయిన మదుపరులు

ఒక దేశంలో పనిచేసే కంపెనీ మరో దేశపు స్టాక్ మార్కెట్‌లో షేర్లు అమ్ముకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. దానివల్ల పెట్టుబడి దొరుకుతుంది, పేరొస్తుంది, పెద్ద ఖాతాదారుల దగ్గర పరపతి పెరుగుతుంది. అయితే ఆ కంపెనీవి దొంగలెక్కలైతే, షేరు కొన్నవాడు నిజం తెలుసుకోవడానికి చాలా దూరం పోవాలి. ఆఫీసులు ఒక దేశంలో ఉంటాయి, బ్యాంకు ఖాతాలు ఇంకో దేశంలో ఉంటాయి, షేరు అమ్మిన మార్కెట్ మరెక్కడో ఉంటుంది. ఏ దేశపు పోలీసు ఎవరిని పట్టుకోవాలో, ఏ కోర్టు ఎవరికి డబ్బు ఇప్పించాలో తేలడానికే ఏళ్లు పడుతుంది. విదేశీ కంపెనీల షేర్లంటే మదుపరులకుండే భయం ఇక్కడినుంచే పుట్టింది. 2010 తర్వాత చైనా కంపెనీల విషయంలో ఆ భయం బాగా ముదిరింది. అంతకుముందే, 2009 జనవరి 7న, అమెరికా మదుపరులను నిలువునా ముంచిన విదేశీ కంపెనీ మన హైదరాబాద్‌దే: సత్యం కంప్యూటర్ సర్వీసెస్.

తెలుగువాళ్లు సత్యం కథను ఎక్కువగా ఒక కుటుంబం పతనంగా, ఒక మనిషి తప్పిదంగా చెప్పుకుంటారు. అది రెండు దేశాల మార్కెట్ల మధ్య ఉన్న సందులో పెరిగిన మోసం కూడా. ముంబయిలో షేరు కొన్నవాడు కంపెనీ న్యూయార్క్‌లో నమోదైందని, అక్కడ నిఘా గట్టిగా ఉంటుందని ధీమా పడ్డాడు. న్యూయార్క్‌లో కొన్నవాడు లెక్కల మీద ప్రపంచ ప్రఖ్యాత ఆడిట్ సంస్థ సంతకం చూసి, బోర్డులో పెద్ద పెద్ద పేర్లు చూసి, ఇండియాలో ఎవరో ఒకరు తనిఖీ చేసే ఉంటారని నమ్మాడు. ఇద్దరూ అవతలివాళ్లు చూసుకుంటారనే అనుకున్నారు.

హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి

పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన బైర్రాజు రామలింగరాజు తమ్ముడు రామరాజుతోనూ మరికొందరు దగ్గరివాళ్లతోనూ కలిసి 1987 జూన్ 24న సత్యం కంప్యూటర్స్‌ను ప్రారంభించాడు. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ దానికి తొలి పెద్ద ఖాతాదారు అయింది. 1992లో పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. 2000 సంవత్సరం తేదీల సమస్య, అంటే వై2కె, మన సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నిటికీ అమెరికా తలుపులు తెరిచింది. వాటితోపాటే సత్యమూ ఎదిగింది.

విదేశీ మార్కెట్లలోకి మన కంపెనీల ప్రవేశం ఆ రోజుల్లోనే మొదలైంది. 1999 మార్చిలో ఇన్ఫోసిస్ నాస్‌డాక్‌లో చేరింది. అదే ఏడాది అక్టోబరులో సత్యం అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌కి వెళ్లింది. 2001 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్, మే 15న సత్యం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదయ్యాయి. అయిదు వారాల తేడాలో రెండు తెలుగు కంపెనీలు వాల్ స్ట్రీట్‌కి చేరడం అప్పట్లో ఇక్కడ అందరికీ గర్వకారణమే. 1943 నుంచి నడిచిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మాత్రం వ్యాపారం ముంబయికి తరలిపోయి చిక్కిపోతూ వచ్చి, 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. 2008 జనవరిలో సత్యం ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూరోనెక్స్ట్‌లో కూడా నమోదైంది.

న్యూయార్క్‌లో అమ్ముడయ్యేది నేరుగా సత్యం షేరు కాదు. షేర్లు ఇండియాలోనే ఒక కస్టోడియన్ దగ్గర ఉంటాయి. వాటి హామీ మీద డిపాజిటరీ బ్యాంకు అమెరికాలో రసీదులు జారీ చేస్తుంది. వాటినే ఏడీఎస్‌లు అంటారు, మామూలు వాడుకలో ఏడీఆర్‌లు. సత్యం విషయంలో ఒక్కో ఏడీఎస్ రెండు షేర్లతో సమానం, డిపాజిటరీ సిటీబ్యాంక్. ఇలాంటి విదేశీ కంపెనీలకు అమెరికా చట్టం కొన్ని సడలింపులిస్తుంది. అక్కడి కంపెనీల్లా మూడు నెలలకోసారి పూర్తి స్థాయి నివేదిక దాఖలు చేయనక్కర్లేదు. ఏడాదికొకసారి ఫారం 20-ఎఫ్ ఇస్తే చాలు, మధ్యలో స్వదేశంలో ప్రకటించినవాటినే అక్కడా సమర్పిస్తే సరిపోతుంది. ఎన్రాన్ కుంభకోణం తర్వాత 2002లో వచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం మాత్రం విదేశీ కంపెనీలకూ వర్తించింది. లెక్కలు సరైనవేనని ముఖ్య కార్యనిర్వహణాధికారి, ఆర్థిక విభాగాధిపతి స్వయంగా సంతకం చేసి చెప్పాలి. సత్యం నుంచి ఆ సంతకాలు ఏటా పడ్డాయి.

2008 నాటికి సత్యంలో దాదాపు 53 వేలమంది ఉద్యోగులుండేవారు. ఫార్చ్యూన్ 500 జాబితాలోని 185 కంపెనీలు తమ ఖాతాదారులని చెప్పుకునేది. 2010, 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులకు ఐటీ సేవల కాంట్రాక్టు దక్కించుకుంది. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. మోసం బయటపడ్డాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. రాష్ట్రంలో మారుమూల పల్లెలకూ రామలింగరాజు పేరు చేరిందంటే అది 108 అంబులెన్సుల వల్ల. 2005లో ఆయన స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థే ఆ సేవను మొదలుపెట్టింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ బండెక్కి బతికినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ మంచిపని నిజం. ఆయన మీద జనానికి ఏర్పడిన నమ్మకానికి అదీ ఒక కారణం. అందుకే లెక్కల సంగతి తెలిసినప్పుడు ఇక్కడివాళ్లకు దెబ్బ రెండు రకాలుగా తగిలింది.

లేని ఆదాయం, లేని డిపాజిట్లు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆదాయం పుట్టే తీరు ఇలా ఉంటుంది. ఖాతాదారుతో ఒప్పందం కుదిరితే ప్రాజెక్టుకి ఒక నంబరు పడుతుంది. ఇంజనీర్లు తాము పనిచేసిన గంటలను రోజూ కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. గంటకింత అన్న రేటుతో బిల్లు తయారవుతుంది. చివర్న ఇన్వాయిస్ వెళుతుంది. సత్యంలో ఈ ఒక్కో దశకీ ఒక్కో కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. ఈ గొలుసు తెగకుండా ఉంటే దొంగ ఇన్వాయిస్ పుట్టడం కష్టం.

సీబీఐ దర్యాప్తులో తేలినదాని ప్రకారం దొంగ ఇన్వాయిస్‌లు ఈ గొలుసులోకి రానేలేదు. ప్రాజెక్టు నంబరూ లేదు, పనిచేసిన గంటలూ లేవు. ఎక్సెల్ షీటులోంచి నేరుగా చివరి దశ అయిన ఇన్వాయిస్ వ్యవస్థలోకి ఎక్కించేశారు. అక్కడ ప్రతి ఇన్వాయిస్ పక్కన ఒక అక్షరం ఉంటుంది. ‘ఎస్’ అంటే అందరికీ కనిపించేది, ‘హెచ్’ అంటే దాచేసింది. ‘సూపర్ యూజర్’ అనే ప్రత్యేక లాగిన్ ఉన్న కొద్దిమందికే దాచినవి కనిపిస్తాయి. ఆ ఖాతాదారు వ్యవహారాలు చూసే విభాగాధిపతి కంప్యూటర్ తెరిస్తే తన ఖాతాలో అలాంటి ఇన్వాయిస్ ఉన్నట్టే తెలియదు. మొత్తం కంపెనీ ఆదాయంలో మాత్రం అది కలిసిపోతుంది. ఇలా దాచిన ఇన్వాయిస్‌లు 7,561 దొరికాయని సీబీఐ చెప్పింది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, అంటే ఎస్ఈసీ, తన ఫిర్యాదులో ఆరు వేలకు పైగా అని పేర్కొంది. కనీసం 2003 నుంచి ఈ పని సాగిందన్నది దాని నిర్ధారణ.

దొంగ ఇన్వాయిస్ పుట్టాక ఆ డబ్బు ఎప్పటికీ రాకుండా ఉంటే బాకీల పద్దు పెరిగిపోతుంది. ఎవరైనా అడుగుతారు. కాబట్టి డబ్బు వచ్చినట్టు కూడా చూపాలి. దానికోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు సొంతంగా తయారుచేశారు. న్యూయార్క్‌లోని బ్యాంక్ ఆఫ్ బరోడా శాఖ ఖాతాలో లేని కోట్లు జమైనట్టు చూపారు. అక్కడినుంచి ఇండియాలో వివిధ బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసినట్టు రసీదులు పుట్టించారు. ఆ డిపాజిట్ల మీద వడ్డీ వచ్చినట్టు కూడా లెక్కలు రాశారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇన్ని కాగితాలు కావలసివచ్చాయి. లేని ఆదాయం మీద ప్రభుత్వానికి పన్ను కూడా కట్టారు. ఆ పన్ను సంగతి తేల్చుకోవడానికి తర్వాత వచ్చిన యాజమాన్యం ఆదాయపు పన్ను శాఖతో ఏళ్లపాటు వ్యాజ్యం నడపాల్సొచ్చింది.

2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని ఉంది. అందులో 5,040 కోట్లు లేనే లేవని రామలింగరాజే తన లేఖలో ఒప్పుకున్నాడు. రాని వడ్డీ 376 కోట్లు, రావలసిన బాకీల్లో ఎక్కువ చూపింది 490 కోట్లు, పుస్తకాల్లో రాయని అప్పు 1,230 కోట్లు. ఆ ఒక్క త్రైమాసికంలోనే 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటించారు. అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే 24 శాతం లాభం చూపిన కంపెనీకి నిజంగా వచ్చింది 3 శాతం.

ఈ అంకెల్లో అన్నిటికంటే పెద్దది నగదు నిల్వే. బాకీలు వసూలవుతాయా, పాత సరుకు విలువెంత అన్నవి అభిప్రాయ భేదానికి తావున్న విషయాలు. బ్యాంకులో డబ్బు సంగతి అలా కాదు, ఉందో లేదో ఒక్క ఉత్తరంతో తేలిపోతుంది. ఆడిటర్ స్వయంగా బ్యాంకుకి రాయాలి. బ్యాంకు ఆ జవాబును కంపెనీ చేతికివ్వకుండా నేరుగా ఆడిటర్‌కే పంపాలి. ఆడిట్ నేర్చుకునే కుర్రాడికి మొదట్లోనే చెప్పే పద్ధతి ఇది. సత్యం లెక్కల్ని 2000 నుంచి ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్ ఇండియా విభాగం. అది బ్యాంకు ధ్రువీకరణల్ని పంపే పనీ, తెచ్చే పనీ కంపెనీకే వదిలేసేదని, ఆ లోపం సత్యం ఒక్కదానికే పరిమితం కాలేదని ఎస్ఈసీ తేల్చింది. యాజమాన్యం చేతికిచ్చిన నకిలీ ధ్రువీకరణలే ఫైల్లోకి చేరాయి. అన్ని వేల కోట్ల మోసం ఏళ్ల తరబడి నిలవడానికి తెలివైన కంప్యూటర్ పనికంటే ఈ నిర్లక్ష్యమే ఎక్కువ కారణమని చెప్పాలి.

బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్ రూపకర్తగా పేరొందిన వినోద్ ధామ్, హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం. రామ్మోహనరావు, మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్ వంటివారు డైరెక్టర్లు. వీళ్లెవరికీ మోసంలో భాగం ఉన్నట్టు ఏ కోర్టూ చెప్పలేదు. అయినా ఇంతమంది మేధావులు కూర్చున్న బోర్డు కంపెనీ ఇచ్చిన కాగితాలే చదివింది. బయటినుంచి ఒక్క కాగితం తెప్పించుకుని పోల్చి చూడలేదు. దూరాన ఉన్న మదుపరికి ఆ పేర్లే పూచీ అయ్యాయి.

మరో సూచన ఎప్పటినుంచో బహిరంగంగానే ఉంది. 2001లో ప్రమోటర్ల వాటా సుమారు పావు వంతు. 2008 మార్చి నాటికి 9 శాతం లోపుకు దిగింది. అలా మిగిలిన షేర్లలో అధికభాగాన్ని అప్పుల కోసం తనఖా పెట్టారు. తనఖా సంగతి చెప్పాలన్న నిబంధన అప్పుడు లేదు. మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆ నిబంధన తెచ్చింది 2009 జనవరిలో, సత్యం కూలాకే.

ఇరవై రెండు రోజులు

2008 డిసెంబరు 16 సాయంత్రం, ముంబయి మార్కెట్ మూసేశాక, రాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సత్యం ప్రకటించింది. లేని నగదు స్థానంలో నిజమైన భూములు, ఆస్తులు చూపించాలన్నదే అసలు ఉద్దేశమని రాజు తర్వాత లేఖలో రాశాడు. ఆ ప్రకటన ముందుగా తగిలింది న్యూయార్క్‌కే. అక్కడ మార్కెట్ తెరిచాక ఏడీఎస్ ధర సగానికి పైగా పడిపోయింది. వాటాదారుల డబ్బు కుటుంబ కంపెనీలకు పోతోందని అక్కడి పెద్ద ఫండ్లు మండిపడ్డాయి. ముంబయిలో తెల్లవారేలోపే కొనుగోలు రద్దయింది. విదేశీ మార్కెట్‌లో నమోదు కావడం వల్ల మదుపరికి మేలు ఏమాత్రం జరగదని చెప్పలేం. ఏళ్ల తరబడి మోసాన్ని కనిపెట్టలేని న్యూయార్కే, దాని చివరి ఎత్తును ఒక్క రాత్రిలో చిత్తుచేసింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. తన సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు ఇచ్చిందంటూ ప్రపంచ బ్యాంకు సత్యంను 8 ఏళ్లపాటు తన కాంట్రాక్టులనుంచి నిషేధించిన సంగతి డిసెంబరు 23న వెల్లడైంది. లెక్కల్లో మోసముందని మారుపేరుతో ఒక ఈమెయిల్ అప్పటికే బోర్డులోని ఒక డైరెక్టర్‌కి చేరింది. నెలాఖరులోగా నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. అప్పిచ్చినవాళ్లు తనఖా షేర్లను మార్కెట్‌లో అమ్మేసుకున్నారు.

2009 జనవరి 7 ఉదయం రామలింగరాజు లేఖ బోర్డుకీ, సెబీకీ, స్టాక్ ఎక్స్ఛేంజీలకీ చేరింది. పులి మీద స్వారీ చేస్తున్నవాడి పరిస్థితి తనదని, తాను గానీ మేనేజింగ్ డైరెక్టర్ అయిన తన సోదరుడు గానీ ఒక్క రూపాయి తీసుకోలేదని అందులో ఉంది. ముంబయిలో 179 రూపాయల షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల లోపుకు పడింది. సెన్సెక్స్ 749 పాయింట్లు జారింది. న్యూయార్క్‌లో అప్పటికింకా తెల్లవారలేదు. అక్కడి ఎక్స్ఛేంజ్ ఏడీఎస్ లావాదేవీలు నిలిపేసింది. ముంబయి మదుపరి అదే రోజు అయినకాడికి అమ్ముకోగలిగాడు. అమెరికా మదుపరి మాత్రం చేతులు కట్టుకుని చూడాల్సొచ్చింది. జనవరి 12న తిరిగి మొదలైనప్పుడు, 6వ తేదీన 9 డాలర్ల పైన ఉన్న ఏడీఎస్ డాలరున్నర లోపుకు దిగింది.

అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలోని సీఐడీ జనవరి 9న రాజు సోదరుల్ని, మరునాడు ఆర్థిక విభాగాధిపతి వడ్లమాని శ్రీనివాస్‌ను అరెస్టు చేసింది. ఫిబ్రవరిలో కేసు సీబీఐకి వెళ్లింది. 2008లో మేటాస్ నేతృత్వంలోని కన్సార్టియంకి దక్కిన హైదరాబాద్ మెట్రో రైలు కాంట్రాక్టును 2009 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం రద్దుచేసింది.

కంపెనీని మాత్రం కాపాడుకోగలిగారు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తప్పించి కిరణ్ కర్ణిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను, తర్వాత మరో ముగ్గుర్ని నియమించింది. ఏప్రిల్ 13న వేలం జరిగితే టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలిచ్చి గెలిచింది. లార్సెన్ అండ్ టూబ్రో వేసింది 45 రూపాయల 90 పైసలు. మహీంద్రా సత్యంగా పేరు మార్చుకున్న ఆ సంస్థ 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఈ కాపాడడంలో ఉద్యోగుల ఓపికది పెద్ద పాత్ర. జీతాలొస్తాయో రావో తెలియని వారాల్లో కూడా ఖాతాదారుల పని ఆపలేదు. 2010 సెప్టెంబరు చివర్లో లెక్కలు తిరగరాస్తే 2008-09కి నష్టం 8 వేల కోట్లు దాటింది. అమెరికా నిబంధనల ప్రకారం ఆ లెక్కలు గడువులోగా ఇవ్వలేక 2010 అక్టోబరులో సత్యం న్యూయార్క్ మార్కెట్ నుంచి తప్పుకుంది.

ఒకే మోసం, రెండు రకాల వాటాదారులు

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతోపాటు మరో తొమ్మిదిమందిని దోషులుగా తేల్చి 7 ఏళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. నెల దాటగానే, మే 11న, పైకోర్టు శిక్షను నిలిపివేసి బెయిలిచ్చింది. శిక్షల సంగతి పత్రికల్లో బాగానే వచ్చింది. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల సంగతి మీద అంత చర్చ జరగలేదు. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అమెరికాలో ఒకే రకంగా నష్టపోయినవాళ్ల తరఫున ఒకరిద్దరు దావా వేస్తే అందరికీ వర్తిస్తుంది. దాన్ని క్లాస్ యాక్షన్ అంటారు. లేఖ బయటపడ్డ వెంటనే న్యూయార్క్‌లో ఇలాంటి దావాలు పడ్డాయి. 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు, ప్రైస్ వాటర్‌హౌస్ 2.55 కోట్ల డాలర్లు చెల్లించి రాజీకొచ్చాయి. ఎస్ఈసీకి సత్యం కోటి డాలర్ల జరిమానా కట్టింది. ఆడిటర్లు ఎస్ఈసీకి 60 లక్షలు, ఆడిటర్లపై పర్యవేక్షణ సంస్థ పీసీఏఓబీకి 15 లక్షల డాలర్లు కట్టారు. బ్రిటన్‌లో దావా వేసిన అబర్డీన్ ఫండ్లతో 2012లో 6.8 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

అదే కంపెనీ షేరు ముంబయి మార్కెట్‌లో కొన్న చిన్న మదుపరికి ఇలాంటిదేదీ దక్కలేదు. మైడాస్ టచ్ ఇన్వెస్టర్స్ అసోసియేషన్ వినియోగదారుల కమిషన్‌కి, అక్కడినుంచి సుప్రీంకోర్టుకి వెళ్లినా ఫలితం లేకపోయింది. అమెరికా కోర్టుకెళ్లే దారి కూడా మూసుకుపోయింది. 2010 జూన్ 24న మోరిసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తమ సెక్యూరిటీల చట్టం తమ దేశంలో జరిగిన కొనుగోళ్లకే వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఇంకో మాట కూడా ఉంది. అమెరికా మదుపరులకు సత్యం కట్టిన 12.5 కోట్ల డాలర్లు కంపెనీ ఖజానాలోంచే వెళ్లాయి. అంటే ఆ బరువులో కొంత, కంపెనీలో వాటా వదలకుండా కూర్చున్న భారత వాటాదారే మోశాడు.

సెబీ 2014 జూలైలో రాజును, మరో నలుగురిని 14 ఏళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించి, అక్రమ లాభం 1,849 కోట్లు వడ్డీతో సహా కక్కించాలని ఆదేశించింది. అప్పీళ్లమీద అప్పీళ్లు జరిగి, లెక్క మళ్లీ మళ్లీ వేసి, 2023 నవంబరు చివర్న ఆ మొత్తాన్ని 624 కోట్లుగా, వడ్డీ అదనంగా నిర్ణయించింది. ప్రైస్ వాటర్‌హౌస్‌ను రెండేళ్లు నిషేధిస్తూ సెబీ 2018 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వును 2019 సెప్టెంబరులో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టేసింది. సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను మార్చాలన్న నియమం, 245వ సెక్షన్ కింద వాటాదారుల సామూహిక దావా, ఆడిటర్ల మీద నిఘాకు ఎన్ఎఫ్ఆర్ఏ ఉన్నాయి. 245వ సెక్షన్ 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. సత్యంలో పోగొట్టుకున్నవారికి అది అందలేదు.

ఇతర దేశాల్లో

దొంగ బ్యాంకు కాగితం సత్యంతో మొదలైంది కాదు, అక్కడితో ఆగిందీ కాదు. ఇటలీ పాల కంపెనీ పార్మలాట్ తన అనుబంధ సంస్థకు బ్యాంక్ ఆఫ్ అమెరికాలో 395 కోట్ల యూరోలున్నట్టు ఉత్తరం చూపింది. 2003 డిసెంబరులో ఆ ఉత్తరం నకిలీదని బ్యాంకే చెప్పింది. 2020 జూన్‌లో జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన కాగితాలూ అంతే. ఈ రెండు చోట్లా డబ్బు ఉందని చెప్పింది మదుపరులు తిరిగే ఊళ్లో కాదు, సముద్రాల అవతల.

చైనా కంపెనీల తీరు వేరు. అమెరికా మార్కెట్‌లో అప్పటికే నమోదై, వ్యాపారం లేకుండా పడున్న ఒక కంపెనీని కొని, దానిలో తాము విలీనమై, పబ్లిక్ ఇష్యూ తనిఖీలు తప్పించుకుని చాలా కంపెనీలు ప్రవేశించాయి. 2011లో వరసగా కొన్ని కూలాయి. టొరంటోలో నమోదైన సైనో-ఫారెస్ట్ అడవుల లెక్క బూటకమని మడ్డీ వాటర్స్ అనే సంస్థ ఆ ఏడాది జూన్‌లో బయటపెట్టింది. నాస్‌డాక్‌లో 2019 మేలో నమోదైన లకిన్ కాఫీ కేసు ఇంకా ఆసక్తికరం. దుకాణాల్లో నిజంగా ఎన్ని కప్పులు అమ్ముతున్నారో లెక్కపెట్టడానికి అజ్ఞాత పరిశోధకులు పదిహేను వందలమందికి పైగా మనుషుల్ని పెట్టారు. పదకొండు వేల గంటల వీడియో తీశారు. పాతిక వేలకు పైగా కొనుగోలు రసీదులు సేకరించారు. 2020 ఏప్రిల్‌లో 220 కోట్ల యువాన్ల అమ్మకాలు కల్పితమని కంపెనీయే ఒప్పుకుంది. కాఫీ కప్పుల్ని వీధిలో నిలబడి లెక్కపెట్టొచ్చు. సత్యం అమ్మిన ఇంజనీరు గంటల్ని బయటివాడెవడూ అలా లెక్కపెట్టలేడు. సేవల కంపెనీల విషయంలో బ్యాంకు ధ్రువీకరణకు అంత ప్రాధాన్యం ఇందుకే.

చైనా ఆడిటర్ల ఫైళ్లు చూడడానికి అమెరికా తనిఖీదారులకు ఏళ్లపాటు అనుమతి దొరకలేదు. 2020 డిసెంబరులో అమెరికా చట్టం చేసింది. తనిఖీకి ఒప్పుకోని దేశాల కంపెనీల్ని గడువు తర్వాత మార్కెట్ నుంచి తీసేస్తామంది. 2022లో చైనా దారికొచ్చింది. ఆ డిసెంబరులో పూర్తి స్థాయి తనిఖీ చేయగలిగామని పీసీఏఓబీ ప్రకటించింది.

మన కంపెనీలు యూరప్‌లో అమ్మిన జీడీఆర్‌లలోనూ, అంటే ఏడీఆర్‌ల లాంటి రసీదుల్లోనూ, మోసాలు జరిగాయి. విదేశీ మదుపరి కొన్నట్టు పైకి కనిపిస్తుంది. అతడు ఆ డబ్బును ఒక విదేశీ బ్యాంకులో అప్పు తెస్తాడు. ఆ అప్పుకి హామీ జీడీఆర్‌లు అమ్మగా వచ్చిన డబ్బే. కంపెనీకి నికరంగా ఏమీ రాదు. విదేశీయులు ఎగబడి కొన్నారన్న వార్త చూసి ఇక్కడివాళ్లు షేరు కొంటారు. జీడీఆర్‌లను షేర్లుగా మార్చి వాళ్ల నెత్తిన అమ్మేస్తారు. 2011 నుంచి సెబీ ఇలాంటి కంపెనీల మీద వరసగా ఉత్తర్వులిచ్చింది.

ఇక్కడినుంచి అక్కడ కొనేవారు

ఇప్పుడు తెలుగు మదుపరి మరో వైపు నిలబడి ఉన్నాడు. రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. ప్రొద్దుటూరులోనో వేములలోనో కూర్చుని ఫోన్‌లో నాస్‌డాక్ షేరు కొనొచ్చు. న్యూయార్క్‌వాళ్లకు సత్యం ఎలా పరాయిదో, వీళ్లకు ఆ కంపెనీలన్నీ అలా పరాయివే. చాలా చైనా ఏడీఆర్‌లు కొన్నప్పుడు చేతికొచ్చేది చైనాలో వ్యాపారం చేసే సంస్థలో వాటా కాదు, కేమన్ దీవుల్లో నమోదైన ఇంకో కంపెనీలో వాటా. అసలు వ్యాపారంతో దానికున్నది ఒప్పంద సంబంధమే. ఈ సంగతి 20-ఎఫ్ నివేదికలో ముందు పేజీల్లోనే ఉంటుంది. ఆ నివేదికలు ఎస్ఈసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆడిటర్ పేరు, అతణ్ని పీసీఏఓబీ తనిఖీ చేయగలుగుతోందా లేదా, నగదు ఏ దేశంలో ఉంది, ప్రమోటర్లకు సంబంధించిన కంపెనీలతో ఎంత వ్యాపారం నడుస్తోంది అన్న నాలుగూ చూడడానికి ఒక పూట చాలు.

మోరిసన్ తీర్పు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, ఈసారి మనకు అనుకూలంగా. ఆ తీర్పు చూసేది కొన్నవాడి దేశాన్ని కాదు, కొన్న చోటును. ముంబయిలో సత్యం షేరు కొన్న ప్రొద్దుటూరు మదుపరికి అమెరికా కోర్టులో స్థానం దొరకదు. ఫోన్‌లో నాస్‌డాక్ షేరు కొన్న ప్రొద్దుటూరు మదుపరికి దొరుకుతుంది. లకిన్ కాఫీ క్లాస్ యాక్షన్‌లో రాజీ మొత్తం 17.5 కోట్ల డాలర్లు. అలాంటి డబ్బులో వాటా రావాలంటే గడువులోగా క్లెయిమ్ ఫారం పంపాలి, కొన్న తేదీ, ధర చూపే బ్రోకర్ స్టేట్‌మెంట్లు జతచేయాలి. షేర్లు బ్రోకర్ పేరుమీద ఉంటే నోటీసు ముందు బ్రోకర్‌కే చేరుతుంది. అది మనదాకా వస్తుందో లేదో ఖాతా తెరిచేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.